బొమ్మ అల్లే చేతులు జాగ్రత్త!

సరదాకి అల్లినా, ఆర్డర్లకు అల్లినా క్రోషియా బొమ్మ మనసుకు హాయినిస్తుంది. కానీ చేతుల్ని పట్టించుకోకపోతే అదే అల్లకం రాత్రిళ్లు నిద్ర లేకుండా చేస్తుంది. బొమ్మకు పెట్టిన కన్ను ఊడితే పసివాళ్ల ప్రాణం మీదికీ రావచ్చు. అల్లేవాళ్లు, కొనేవాళ్లు, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులివి.

"ఏం పని చేస్తుంటావమ్మా?"

"పనేం లేదండి బాబూ. ఇంట్లో ఖాళీగానే ఉంటాను."

అచ్యుతాపురం నుంచి వచ్చిన ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. రాత్రి నిద్రలో కుడిచెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చేస్తోందని, లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తే గానీ తగ్గట్లేదని ఆమె బాధ. అప్పటికే రెండుసార్లు ఓపీకి వచ్చింది. అసలే జ్వరాల సీజను, వరండా నిండా జనం. రెండుసార్లూ నేను పని గురించి అడగనేలేదు. నొప్పి మాత్రలు, బి విటమిన్ మాత్రలు రాసి పంపేశాను. మూడోసారి అడిగితే వచ్చిన జవాబు ఇది.

ఆ మాట నమ్మి మళ్లీ అవే మాత్రలు రాసేవాణ్నే. కానీ ఆమె ఒళ్లో పెట్టుకున్న సంచీలోంచి నల్లటి పిల్లి తలకాయ ఒకటి బయటికి తొంగి చూస్తోంది. నూలుతో అల్లిన తల. ఇంకా కళ్లు పెట్టలేదు.

"ఇదేంటమ్మా?"

"అమెరికా వాళ్ల దెయ్యాల పండక్కంటండి. మా పుట్టిల్లు నర్సాపురం పక్కన. అక్కడివాళ్లు ఆర్డరు పంపుతారు. రోజుకు పది తలకాయలు అల్లేస్తానండి."

"ఎన్ని గంటలు పడుతుంది?"

"మధ్యాహ్నం ఓ మూడు గంటలు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఇంకో మూడో నాలుగో."

అంటే రోజుకు ఆరేడు గంటలు. అయినా ఆమె లెక్కలో అది పని కాదు. 'ఖాళీ'. ఆ ఖాళీ గంటల గురించి నేను అడగనందువల్ల అసలు జబ్బు పట్టుకోవడానికి రెండు నెలలు ఆలస్యమైంది. ఆ తప్పు నాదే. మీ విషయంలో అలా జరగకూడదనే ఈ వ్యాసం.

దెయ్యాల పండక్కి మన గోదారి అల్లకం

హాలోవీన్ ఏటా అక్టోబర్ 31న వస్తుంది. అమెరికాలాంటి దేశాల్లో ఆ రోజు పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. ఇళ్లను గుమ్మడికాయలు, గబ్బిలాలు, నల్ల పిల్లులు, గుడ్లగూబలు, సాలెపురుగుల బొమ్మలతో అలంకరిస్తారు. గుడ్లగూబ ఇంటిమీద వాలితేనే శాంతి చేయించాలనుకునే మనకు అది కొంచెం వింతే. కానీ మనవాళ్లు అక్కడ స్థిరపడ్డాక దసరా బొమ్మల కొలువు పక్కనే ఆ గుమ్మడికాయ కూడా చేరింది. మన నగరాల్లో కొన్ని బడులూ ఆ పండగ చేస్తున్నాయి. ఒకే కొక్కెం సూదితో, నూలుతో అల్లి, లోపల దూది కూరి చేసే ఇలాంటి చిట్టి బొమ్మల్ని జపానువాళ్లు 'అమిగురుమి' అంటారు. వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు.

సూది మాత్రం మనకు కొత్త కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో నర్సాపురం ప్రాంతానికి వచ్చిన క్రోషియా లేసు, తరతరాలుగా అక్కడి ఆడవాళ్ల చేతుల్లో ఉంది. విదేశాలకు ఎగుమతవుతోంది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ లేసు అల్లేవాళ్ల మీద జర్మనీకి చెందిన సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే రాశారు. గంటల తరబడి ప్రపంచ మార్కెట్టు కోసం అల్లే స్త్రీలను అందరూ 'తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులు' గానే లెక్కవేస్తారని ఆమె అందులో చూపించారు. నలభై ఏళ్లు దాటాక కూడా నా ఓపీలో వినిపించిన జవాబు అదే: "ఖాళీగానే ఉంటానండి."

ఒక తలకాయకు ఎన్ని కుట్లు?

ఆమెను కూర్చోబెట్టి లెక్క వేయించాను. మొదటి వరసలో 6 కుట్లు. తర్వాత 12, 18, 24, 30, 36. ఇక్కడికి 126. ఆ మీద వెడల్పు పెంచకుండా 36 చొప్పున ఆరు వరసలు, అంటే 216. తర్వాత తగ్గించుకుంటూ 30, 24, 18, 12, 6. అవి 90. మొత్తం 432 కుట్లు. ఒక్కో కుట్టుకు నూలును కొక్కేనికి తగిలించి రెండుసార్లు లాగాలి. అంటే ఒక తలకాయకు మణికట్టు 864 సార్లు తిరుగుతుంది. పది తలకాయలకు 8,640 సార్లు! చెవులు, కాళ్లు, తోక లెక్కలో లేవు.

లేసుకూ బొమ్మకూ ఇంకో తేడా ఉంది. లేసులో ఖాళీలుంటేనే అందం. బొమ్మకు ఖాళీ ఉంటే లోపలి దూది బయటపడుతుంది. అందుకని నూలుకు తగినదానికంటే సన్నటి సూది తీసుకుని, కుట్టు బిగించి అల్లుతారు. కుట్టు ఎంత బిగిస్తే సూదిని అంత గట్టిగా పట్టుకోవాలి, అంత బలంగా లాగాలి. మోతాదు పెరిగేది ఇక్కడే.

మణికట్టులో ఇరుకు దారి

అరచెయ్యి మొదట్లో, మణికట్టు దగ్గర ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య సన్నటి సొరంగంలాంటి దారి ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది కండర తాళ్లు, వాటితోపాటు మీడియన్ నరం ఆ దారిలోంచే వెళ్లాలి. మణికట్టును వంచి, గంటల తరబడి ఒకే కదలిక చేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. తాళ్ల చుట్టూ ఉండే పొర వాచి నరాన్ని నొక్కుతుంది. ఇదే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్.

దీని గుర్తు స్పష్టంగానే ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలులో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలు మామూలుగానే ఉంటుంది. రాత్రిళ్లు ఎక్కువ. చెయ్యి విదిలిస్తే కాస్త ఉపశమనం. ముదిరితే గ్లాసు చేజారుతుంది, జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కష్టమవుతుంది, బొటనవేలి కింద ఉబ్బుగా ఉండే కండ కరిగిపోతుంది. అంతవరకూ రానిస్తే ఆపరేషన్ చేసినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

అయితే అల్లే ప్రతి ఒక్కరికీ ఇది రాదు. థైరాయిడ్ మందగించినవాళ్లకు, మధుమేహం, కీళ్లవాతం ఉన్నవాళ్లకు, గర్భిణులకు, అధిక బరువున్నవాళ్లకు ముప్పు ఎక్కువ. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువగా చూస్తాం. ఆమెకు రక్త పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంది. అంటే థైరాయిడ్ మందగించి నరం అప్పటికే ఇబ్బందిలో ఉంది. దానికి రోజుకు ఎనిమిది వేల లాగుడు తోడైంది. నేను రాసిన నొప్పి మాత్ర ఈ రెండింటిలో దేన్నీ ముట్టుకోలేదు.

అల్లేవాళ్లలో ఇంకో రెండు బాధలూ చూస్తాం. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన పొడిచినట్లు నొప్పి వస్తే అది 'డి క్వెర్వేన్' సమస్య కావచ్చు. పసిబిడ్డను మాటిమాటికీ ఎత్తుకునే బాలింతల్లోనూ కనిపిస్తుంది. పొద్దున లేవగానే వేలు ముడుచుకుపోయి, సాగదీస్తే 'టక్'మని తెరుచుకుంటే దాన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటాం. మధుమేహులకు ఇది ఎక్కువ. వేలు ఇలా పట్టేస్తుంటే, ఎప్పుడూ షుగర్ పరీక్ష చేయించుకోనివాళ్లు వెంటనే చేయించుకోండి.

ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు

• రెండు చేతుల వెనకభాగాలను ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేలవైపు ఉండేలా మణికట్లు వంచి ఒక నిమిషం ఉంచండి. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లలో తిమ్మిరి మొదలైతే నరం మీద ఒత్తిడి ఉండొచ్చు.

• బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగించి, మెల్లగా చిటికెన వేలివైపు వంచండి. బొటనవేలి మొదట్లో జివ్వుమని నొప్పి వస్తే డి క్వెర్వేన్ అనుమానించాలి.

ఇవి అనుమానం కోసమే. జబ్బు నిర్ధారణ డాక్టరు చేయాలి. మెడలో నరం నొక్కుకున్నా, బి12 తగ్గినా, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా కూడా చేతులు తిమ్మిరెక్కుతాయి.

అల్లకం మానేయాలా?

ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "మానేయమనకండి బాబూ, పిల్లల ఫీజులు దాంతోనే." మానక్కర్లేదు. పద్ధతి మార్చుకోవాలి. ఆమెకు చెప్పినవే మీకూ చెబుతున్నాను.

• అరగంట కొలమానం: ఫోనులో అలారం పెట్టుకోండి. 25 నిమిషాలు అల్లితే అయిదు నిమిషాలు సూది కింద పెట్టి లేవండి. వేళ్లు పూర్తిగా చాచి ముడవండి, మణికట్టును మెల్లగా పైకీ కిందికీ వంచండి. నొప్పి వచ్చేదాకా సాగదీయొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు ఆ నాలుగడుగులు అదనపు లాభం.

• లావు పట్టు: సన్నటి ఇనుప సూదిని పట్టుకోవాలంటే వేళ్లు ఎక్కువ బిగించాలి. పిడికి మెత్తటి గుడ్డ చుట్టండి, లేదా రబ్బరు పిడి ఉన్న సూది తీసుకోండి.

• మణికట్టు నిటారు: మణికట్టు లోపలికి వంగకుండా చూసుకోండి. ఒళ్లో ఒక దిండు పెట్టుకుంటే చేతులకు ఆసరా దొరుకుతుంది, మెడా అంతగా వంగదు. నేలమీద కూర్చుంటే వీపు గోడకు ఆనించండి.

• పని మార్పు: పది తలకాయలూ ఒకే ఊపులో అల్లొద్దు. రెండు తలలు అల్లాక దూది కూరడం, ముక్కలు కలిపి కుట్టడం లాంటి పనులు చేసి మళ్లీ సూది పట్టండి.

• ఒక్కసారిగా పెంచొద్దు: పండగ దగ్గరపడ్డాక రెండు గంటల అల్లకాన్ని ఎనిమిది గంటలు చేయడమే చాలామందిని ఆసుపత్రికి తెస్తుంది. ఆర్డరు ఒప్పుకునేటప్పుడే రోజుకు ఎన్నని లెక్క వేసుకోండి.

• రాత్రి పట్టీ: తిమ్మిరి ఉంటే మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ డాక్టరు సలహాతో రాత్రిళ్లు కట్టుకోవాలి. కొన్ని వారాలు క్రమంగా వాడితే తొలిదశలో చాలామందికి గుణం కనిపిస్తుంది. తగ్గకపోతే నరాల పరీక్ష, ఇంజెక్షను, చివరికి చిన్న ఆపరేషను దారులున్నాయి.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలతో నెట్టుకురావొద్దు. వారాల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. నొప్పి తెలియదు కాబట్టి మీరు ఇంకో రెండు గంటలు ఎక్కువ అల్లేస్తారు. అది అసలు నష్టం.

నల్ల నూలు పగలే

హాలోవీన్ బొమ్మల్లో నలుపే ఎక్కువ. నల్ల నూలులో కుట్టు కనపడదు. రాత్రి గుడ్డి లైటు కింద, కళ్లు చికిలించి, మెడ వంచి అల్లుతారు. ఫలితంగా తలనొప్పి, కళ్లమంట, మెడనొప్పి. నల్లవీ, ముదురు రంగువీ పగటి వెలుతురులో అల్లుకోండి. గుమ్మడికాయలు రాత్రికి ఉంచుకోండి. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. కళ్లు ఆర్పడం మరవొద్దు. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం సహజం. సూదిని దూరంగా జరిపి చూస్తున్నారంటే కళ్లద్దాలు కావాలనే అర్థం.

మనసుకు మంచిదేనా?

మంచిదే. ఆస్ట్రేలియాలోని వోలంగాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు క్రోషియా అల్లే ఎనిమిది వేలమందికి పైగా అడిగి 2020లో ఫలితాలు ప్రచురించారు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది మనసు నెమ్మదిస్తుందన్నారు. ఎనిమిదిమంది సంతోషంగా ఉంటుందన్నారు. వీళ్లంతా ఇష్టపడి అల్లేవాళ్లే కాబట్టి దీన్ని మందుల పరీక్షలా తీసుకోకూడదు. కానీ లెక్క పెట్టుకుంటూ, ఒకే లయలో చేతులు కదిలిస్తుంటే ఆలోచనల సుడి కాసేపు ఆగుతుందన్నది మన అమ్మమ్మలకూ తెలిసిందే. రిటైరయినవాళ్లకు, ఒంటరిగా ఉండేవాళ్లకు, ఫోను వదల్లేకపోతున్న పిల్లలకు రోజుకు ఓ అరగంట అల్లకం మంచి అలవాటు. దిగులు రెండు వారాలకు మించి వదలకపోతే మాత్రం డాక్టరును కలవాలి.

డెన్మార్క్‌లో 2013లో ఒక ముచ్చటైన ప్రయత్నం మొదలైంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల పక్కన క్రోషియాతో అల్లిన చిన్న ఆక్టోపస్ బొమ్మలు ఉంచారు. దాని కాళ్లు పట్టుకుంటే బిడ్డ తనకు పెట్టిన గొట్టాలను లాగకుండా ఉంటుందని ఆశ. ఆలోచన చాలా దేశాలకు పాకింది. కానీ బిడ్డకు నిజంగా మేలు చేస్తుందని గట్టిగా రుజువైంది తల్లి గుండెలకు హత్తుకునే కంగారూ సంరక్షణే. శిశువుల వార్డులో సిబ్బందిని అడగకుండా ఏ బొమ్మా పెట్టొద్దు.

పసివాళ్ల చేతికి ఇచ్చేముందు

పెద్దవాళ్లకు అది అలంకరణ. పాకే పిల్లాడికి నోట్లో పెట్టుకునే వస్తువు. ఆమె బొమ్మల్లో నన్ను అన్నిటికంటే కంగారు పెట్టింది, తర్వాత అతికించబోయే ఆ నల్లపూస కళ్లే. ఆమె ఇంట్లోనే రెండేళ్ల మేనల్లుడు తిరుగుతున్నాడు.

• మూడేళ్లలోపు పిల్లలున్న ఇంటికి చేసే బొమ్మకు గుండీలు, పూసలు, అతికించే కళ్లు వద్దు. కళ్లూ ముక్కూ దారంతోనే కుట్టండి. వెనక బిళ్ల బిగించే ప్లాస్టిక్ కళ్లు కూడా అల్లకం సాగితే ఊడి వస్తాయి. సుమారు 3.2 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టే ఏ వస్తువైనా పసిపిల్లల గొంతుకు ప్రమాదమే.

• లోపల గింజలు, థర్మోకోల్ ఉండలు కూరొద్దు. వేలాడదీసే పొడవాటి తాళ్లు ఊయల దగ్గర ఉండొద్దు.

• ఏడాదిలోపు బిడ్డ పడుకునే చోట ఏ మెత్తటి బొమ్మా ఉంచొద్దు. ముక్కు మూసుకుపోయే ప్రమాదం ఉంది.

• మెరిసే గుమ్మడికాయల్లో బిళ్ల బ్యాటరీలుంటాయి. మింగితే గొంతు దిగువ ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చేస్తుంది. బ్యాటరీ మూత స్క్రూతో బిగించేదయితేనే వాడండి. మింగాడన్న అనుమానం వచ్చినా వాంతి చేయించొద్దు, అరటిపండు తినిపించొద్దు. వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి.

రంగుల విషయంలో మన జిల్లా ఏటికొప్పాకను చూసి నేర్చుకోవచ్చు. అంకుడు కర్రతో చేసే ఆ లక్క బొమ్మలకు చెట్ల బెరళ్లు, ఆకులు, గింజల నుంచి తీసిన రంగులు వాడే పద్ధతిని తిరిగి నిలబెట్టినందుకు సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మీ నూలు రంగు నీళ్లలో దిగుతుందేమో ఒకసారి ఉతికి చూసి, ఆ తర్వాతే పిల్లల బొమ్మ అల్లండి.

గొంతులో ఇరుక్కుంటే?

గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. ఏడవలేక, ఊపిరాడక నీలి రంగుకు తిరుగుతుంటే క్షణం ఆగొద్దు. ఒకరు 108కి ఫోను చేయాలి, ఇంకొకరు మొదలుపెట్టాలి.

ఏడాదిలోపు బిడ్డ: ముంజేతిమీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, అరచేతి మడమతో రెక్కల మధ్య 5 సార్లు చరచండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమతో 5 సార్లు నొక్కండి. వస్తువు బయటపడేదాకా మార్చి మార్చి చేయండి.

ఏడాది దాటిన పిల్లలు: ముందుకు వంచి వీపు మీద 5 సార్లు చరచండి. తర్వాత వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు నొక్కండి.

కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. స్పృహ తప్పితే సీపీఆర్ మొదలుపెట్టాలి.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

రాత్రి తిమ్మిరితో వారంలో రెండు మూడుసార్లు మెలకువ వస్తున్నా, వస్తువులు చేజారుతున్నా, వేలు ముడుచుకుని తెరుచుకోకపోయినా, బొటనవేలి కండ చిక్కినట్లున్నా ఆగొద్దు. ఒక్కసారిగా ఒక చెయ్యి పడిపోయి, మాట తడబడి, మూతి వంకరపోతే అది అల్లకం వల్ల కాదు, పక్షవాతం. గంటల్లో వైద్యం అందాలి.

వచ్చినప్పుడు ఒక్క మాట మర్చిపోకండి. మీ చేతులు రోజంతా ఏం చేస్తాయో చెప్పండి. రోగిని ఏ వృత్తి చేస్తున్నావని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లోనే వైద్యులకు చెప్పాడు. మేం హడావిడిలో అడగడం మరిచిపోతే మీరే గుర్తుచేయండి. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలో మిషన్ తొక్కే అమ్మాయి అయినా, జీడిపిక్కలు వలిచే అమ్మ అయినా, ఇంట్లో లేసు అల్లే అక్క అయినా సరే. డబ్బు వచ్చినా రాకపోయినా రోజుకు ఆరు గంటలు చేసేది పనే.

ఆమెకు థైరాయిడ్ మాత్ర మొదలైంది. రాత్రి పట్టీ కట్టుకుంటోంది. తలకాయలు పది నుంచి ఆరుకు తగ్గించింది. రెండు నెలల తర్వాత వచ్చి, రాత్రి మెలకువ రావట్లేదని చెప్పింది. సంచీలోంచి నారింజ రంగు గుమ్మడికాయ తీసి చూపించింది. కళ్లు దారంతో కుట్టి ఉన్నాయి.

ఆ రోజు ఓపీ చీటీ రాస్తూ అలవాటుగా అడిగాను, "పనేంటమ్మా?" అని.

"బొమ్మలు అల్లుతానండి" అంది.

చీటీ మీద అదే రాశాను.

– వ్యాసకర్త ప్రభుత్వ వైద్యుడు, ఎం.బి.బి.ఎస్., ఎం.డి. (జనరల్ మెడిసిన్), అనకాపల్లి జిల్లా